తొమ్మిది మందికీ ఒకటే ఫోన్ నంబర్

2019 ఫిబ్రవరి, ఫైనల్ ఇయర్. రాత్రి పదకొండున్నర దాటాక ఫోన్ మోగింది. జూనియర్ కుర్రాడు. "అన్నా, మా అక్కకి డెలివరీ అయింది. రక్తం బాగా పోయిందంట, ఓ నెగెటివ్ కావాలంటున్నారు. మన లిస్టులో ఎవరన్నా ఉన్నారేమో చూడవా?"

మన లిస్టు అంటే నా ప్రాజెక్టు. కాలేజీలో ఎవరిది ఏ బ్లడ్ గ్రూపో, ఎవరి ఫోన్ నంబర్ ఏంటో ఒక చోట దాచే చిన్న వెబ్‌సైట్. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్, దొరికినవాటిల్లో అన్నిటికంటే చౌక హోస్టింగ్. ఎన్ఎస్ఎస్ వాళ్లు క్లాసు క్లాసుకీ తిరిగి నాలుగు వందల మంది పైచిలుకు చేత వివరాలు నింపించారు. అమ్మాయిల నంబర్లు ఎవరికి పడితే వాళ్లకి కనబడకూడదని ఫోన్ కాలమ్ బయటికి చూపించలేదు. అడ్మిన్ లాగిన్ అయితేనే కనబడుతుంది. అడ్మిన్ అంటే నేనే. ఆ రాత్రి దాకా ఒక్కసారి కూడా ఆ పేజీ తెరిచి చూడలేదు.

తెరిచాను. ఓ నెగెటివ్ అని ఫిల్టర్ పెడితే తొమ్మిది పేర్లు వచ్చాయి. తొమ్మిది దొరకడమంటే అదృష్టం. పేర్ల పక్కన ఫోన్ కాలమ్ చూశాను. 2147483647. కింద 2147483647. దాని కింద 2147483647. తొమ్మిదికి తొమ్మిదీ అదే.

నిజం చెప్పాలంటే ముందు ఆ నంబర్‌కి డయల్ చేశా. అంత కంగారులో బుర్ర పనిచేయలేదు. నంబర్ సరిచూసుకోమని రికార్డు చేసిన గొంతు చెప్పింది. ఎవడో సైట్ హ్యాక్ చేశాడనుకున్నా. ఫిల్టర్ తీసేసి మొత్తం లిస్టు చూశా. నాలుగు వందల మందికీ అదే నంబర్. ఒక్కరికి తప్ప. ఆ ఒక్కరి సంగతి చివర్లో చెప్తా.

పేర్లైనా కరెక్టుగా ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. తొమ్మిది మందిలో నలుగురు మా హాస్టల్ వాళ్లే. తలుపులు కొట్టి లేపాం. ఒకడు ఊరెళ్లాడు, ఇంకొకడికి జ్వరం. మిగతా ఇద్దరిని రెండు బండ్ల మీద గుంటూరు తీసుకెళ్లేసరికి ఒంటిగంట దాటింది. బ్లడ్ బ్యాంకులో ఉన్న యూనిట్ ముందే ఇచ్చి, బదులు డోనర్లను తెమ్మన్నారట. అక్కకి ఏమీ కాలేదు. పాప ఇప్పుడు స్కూలుకి వెళ్తోంది. కానీ ఆ గంటన్నరలో నేను ఎన్నిసార్లు ఆ పది అంకెల్ని చూసుకున్నానో నాకే తెలీదు. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్తాను.

ఇంతకీ ఆ నంబర్ ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరూ టైప్ చేయలేదు. ఏ హ్యాకరూ పెట్టలేదు. తప్పు నాది.

డేటాబేస్‌లో ఫోన్ నంబర్ కోసం గడి చేసేటప్పుడు దాని రకం "ఇంట్" అని రాశా. అంటే పూర్ణ సంఖ్య. పక్కన బ్రాకెట్‌లో 10 అని వేశా. ఫోన్ నంబర్‌కి పది అంకెలు కదా, పది అంకెలు పడతాయిలే అనుకున్నా. మైఎస్‌క్యూఎల్‌లో ఆ 10కి అర్థం అది కాదు. స్క్రీన్ మీద చూపించేటప్పుడు ఎంత వెడల్పు ఉండాలన్నదే అది చెప్తుంది. లోపల గడి సైజు మాత్రం మారదు, 32 బిట్లే. ఇది నేను ఒక్కడినే చేసిన తప్పు కాదు, కొత్తగా నేర్చుకునే వాళ్లలో చాలామంది చేసేదే. ఆ రాత్రి ఆ మాట ఓదార్పుగా ఏం పనికిరాలేదు అనుకోండి.

32 బిట్లంటే వరసగా 32 చిన్న పెట్టెలు. ఒక్కో దాంట్లో 0 గానీ 1 గానీ పడుతుంది. మొదటి పెట్టె ప్లస్సా మైనస్సా అని చెప్పడానికి పోతుంది. మిగిలినవి 31. ఆ 31 పెట్టెల్లోనూ 1 నింపేస్తే వచ్చే సంఖ్యే 2147483647. ఇంక అంతకు మించి చోటు లేదు. 2 పవర్ 31 లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది అదే.

మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి. అంటే అన్నిటికంటే చిన్న మొబైల్ నంబర్ కూడా 600 కోట్ల పైమాటే. గడి పట్టేది 214 కోట్లు. కాబట్టి ఒక్కరిది కూడా పట్టలేదు. పట్టనప్పుడు ఏం చేయాలన్నది డేటాబేస్‌లో ఉండే ఒక స్విచ్ మీద ఆధారపడి ఉంటుంది. దాన్ని స్ట్రిక్ట్ మోడ్ అంటారు. అది ఆన్‌లో ఉంటే "ఇది పట్టదు" అని ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఆఫ్‌లో ఉంటే, పట్టగలిగినంత పెద్ద సంఖ్యని రాసేసి, ఎవరూ చూడని చోట ఒక వార్నింగ్ పడేసి ఊరుకుంటుంది. మా చౌక హోస్టింగ్‌లో ఆఫ్.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఇదే. అక్కడ మైనస్ గుర్తో, వరసగా సున్నాలో వచ్చి ఉంటే ఎవరైనా చూడగానే పట్టేసేవాళ్లు. 2147483647కి సరిగ్గా పది అంకెలు. చూడ్డానికి అచ్చం ఫోన్ నంబర్‌లా ఉంటుంది. అమెరికాలో అయితే మరీ ఘోరం. అక్కడ 214 అంటే డాలస్ ఏరియా కోడ్. మనవాళ్లు అంతమంది ఉండే ఊరు. అక్కడి వెబ్‌సైట్లలో ఎవరి పేరు పక్కనన్నా ఈ నంబర్ కనబడితే, ఎవరో డాలస్ మనిషి అనుకుంటారు తప్ప సాఫ్ట్‌వేర్ తప్పని ఎవరికీ తట్టదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి, కోపం చల్లారాక, ఈ సంఖ్య మీద ఆసక్తి పుట్టింది. 1729 గురించి అందరూ రాస్తారు. దీని గురించి మనవాళ్లెవరూ రాసినట్టు లేదు. దీని కథ ఏం తక్కువ కాదు.

మన పద్ధతిలో కామాలు పెడితే 214,74,83,647. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. హైస్కూల్లో నేర్పిన టెస్టులు పెట్టి చూడండి. చివర 7 ఉంది కాబట్టి 2తో పోదు, 5తో పోదు. అంకెలన్నీ కూడితే 46, కాబట్టి 3తో పోదు. 11 రూలు వేసినా పోదు. 7, 13, 17, 19... ఎంత దూరం వెళ్లినా ఏదో ఒక శేషం మిగులుతూనే ఉంటుంది. ఎందుకంటే ఇది ప్రైమ్ నంబర్, ప్రధాన సంఖ్య. 1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ పోదు.

అది కాకతాళీయమా, లేక 31 ఒకట్లకి ఏమన్నా మహిమ ఉందా? కొంచెం ఉంది. బైనరీలో ఆరు ఒకట్లు రాయండి, 111111. అంటే 63. దీన్ని రెండేసి ఒకట్ల చొప్పున మూడు ముక్కలు చేయొచ్చు, 11 11 11. బైనరీలో 11 అంటే 3. కాబట్టి 63 మూడుతో పోతుంది. మూడేసి చొప్పున రెండు ముక్కలు చేస్తే 111 111. బైనరీలో 111 అంటే 7. కాబట్టి 63 ఏడుతోనూ పోతుంది. ఒకట్ల లెక్కని సమాన భాగాలుగా పంచగలిగితే చాలు, ఆ సంఖ్య ప్రైమ్ కాకుండా పోతుంది. 31 ఒకట్లని అలా పంచలేం, 31 కూడా ప్రైమే కాబట్టి. అలాగని పంచలేకపోతే చాలు ప్రైమ్ అయిపోతుందని కాదు. 11 ఒకట్లు వేస్తే 2047. పదకొండుని పంచలేం, అయినా 2047 అంటే 23 ఇంటూ 89. కాబట్టి అర్హత ఉన్నంత మాత్రాన సీటు గ్యారంటీ కాదు. ఎంసెట్ రాసిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇలా అన్నీ ఒకట్లే ఉన్న ప్రైమ్‌లని మెర్సెన్ ప్రైమ్‌లంటారు. మారిన్ మెర్సెన్ అనే ఫ్రెంచ్ మతగురువు 1644లో ఒక జాబితా ఇచ్చాడు. 257 ఒకట్ల దాకా ఏ ఏ లెక్కల దగ్గర ప్రైమ్ వస్తుందో అందులో రాశాడు. 31 ఉంది. రుజువు మాత్రం లేదు. తర్వాతి రోజుల్లో సరిచూస్తే ఆ జాబితాలో 67, 257 తప్పని తేలాయి. ఉండాల్సిన 61, 89, 107 లేవు. పెద్దాయన చెప్పాడు కదా అని వదిలేస్తే నా ఫోన్ కాలమ్ లాగే అయ్యేది. 31 సంగతి ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి.

తేల్చింది లియొనార్డ్ ఆయిలర్. 1772లో ప్రకటించాడు. అప్పటికి ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు. వయసు అరవై దాటింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోదీ దాదాపు పోయింది. అంతకు ముందు ఏడాదే ఊళ్లో పెద్ద మంటలు లేచి ఇల్లు కాలిపోయింది. తలలో లెక్క కట్టుకుంటూ, పక్కవాళ్లతో రాయిస్తూ పని చేసేవాడు. నాకు నెట్ స్లో అయితేనే ఆ రోజుకి పని సాగదు.

ఆయన ఎలా చేశాడన్నది కోడ్ రాసే వాళ్లందరూ ఒకసారి చూడాల్సిన పని. ఒక సంఖ్య ప్రైమా కాదా అని తేల్చాలంటే దాని వర్గమూలం దాకా ఉన్న ప్రైమ్‌లన్నిటితో భాగించి చూడాలి. దీని వర్గమూలం 46,340 కంటే కొంచెం ఎక్కువ. అంతలోపు ప్రైమ్‌లు సుమారు 4,800 ఉన్నాయి. చేత్తో 4,800 భాగహారాలు, అదీ పది అంకెల సంఖ్యతో. మనిషి వల్ల కాదని కాదు గానీ, ఆయన అసలు అంత దూరం వెళ్లలేదు. ముందు కూర్చుని, ఏ సంఖ్యలు దీన్ని భాగించే అవకాశమే లేదో ఏరి పారేశాడు.

ఒక గడియారం ఊహించుకోండి. దాని మీద 12 అంకెలకి బదులు, మనం అనుమానించే ఆ భాజకం ఎంతో అన్ని అంకెలు ఉన్నాయనుకోండి. 1 దగ్గర మొదలుపెట్టి ప్రతిసారీ రెట్టింపు చేస్తూ పోవాలి. 1, 2, 4, 8, 16... గడియారం దాటితే మళ్లీ మొదటికి చుట్టుకోవాలి. 2 పవర్ 31 మైనస్ 1 ఆ భాజకంతో నిశ్శేషంగా పోతోందంటే, 31 అడుగులు వేశాక మళ్లీ 1 దగ్గరికి వచ్చామని అర్థం. 31 ప్రైమ్ కాబట్టి అంతకంటే తక్కువ అడుగుల్లో రాలేం. ఫెర్మా అనే ఆయన అంతకు ముందే ఇంకోటి కనిపెట్టి ఉన్నాడు. గడియారం మీద ఉన్న అంకెల లెక్క ప్రైమ్ అయితే, దానికి ఒకటి తక్కువ అడుగులు వేసినా తప్పకుండా 1 దగ్గరికే చేరతాం. ఈ రెండూ పొసగాలంటే భాజకంలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 31 ఎక్కంలో ఉండాలి. భాజకం బేసి సంఖ్య కాబట్టి 62 ఎక్కంలోనే ఉండాలి. ఇంకో జల్లెడ కూడా ఉంది. దాని ప్రకారం 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. రెండు జల్లెడలూ కలిపితే తేలేది ఇదీ: భాజకాన్ని 248తో భాగిస్తే శేషం 1 అయినా కావాలి, 63 అయినా కావాలి. వేరే ఏదీ కుదరదు.

46,340 లోపు అలాంటివి 63ని పక్కన పెడితే 372. 63 ఎలాగూ ప్రైమ్ కాదు. 4,800 పనిని 372కి తెచ్చాడు. అందులోనూ ప్రైమ్ కానివాటిని తీసేస్తే వందలోపే మిగులుతాయి. ఒక్కటీ భాగించలేదు. 2147483647 ప్రైమ్ అని రుజువైపోయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచానికి తెలిసిన అతి పెద్ద ప్రైమ్ ఇదే.

మా ఆఫీసులో ఒక క్వెరీ నిమిషాలు తీసుకుంటుంటే సర్వర్ సైజు పెంచుదాం అంటారు. నాకు ఆయిలర్ గుర్తొస్తాడు. బయటికి చెప్పనులెండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. కంప్యూటర్ గడుల సైజులు 4 బిట్లు, 8 బిట్లు, 16, 32, 64, 128 ఇలా రెట్టింపవుతూ ఉంటాయి. మైనస్ పెట్టె పోగా ఒక్కో దాంట్లో పట్టే పెద్ద సంఖ్యలు చూడండి. 4 బిట్లకి 7. ప్రైమ్. 8 బిట్లకి 127. ప్రైమ్. 16 బిట్లకి 32,767. ఇది 7 ఇంటూ 31 ఇంటూ 151, ప్రైమ్ కాదు. 32 బిట్లకి మన హీరో. ప్రైమ్. 64 బిట్లకి వచ్చేది 19 అంకెల సంఖ్య, 9223372036854775807. ఇది ఏడుతో ఒకసారి కాదు, రెండుసార్లు పోతుంది. 128 బిట్లకి వచ్చేది మళ్లీ ప్రైమ్, దాన్ని 1876లో ఎడ్వార్డ్ లూకా తేల్చాడు. 7, 127, 2147483647, ఆ 128 బిట్లదీ. ఈ నాలుగిట్లోనూ ఒకట్ల లెక్క వరసగా 3, 7, 31, 127. ఆ లెక్కలు కూడా మెర్సెన్ ప్రైమ్‌లే! ఇలాంటి వాటిని డబుల్ మెర్సెన్ ప్రైమ్‌లంటారు. ప్రపంచం మొత్తం వెతికినా ఇప్పటిదాకా దొరికినవి ఈ నాలుగే. గడుల సైజులు పెట్టినవాళ్లకి ఈ ధ్యాస లేదు. రెండు రెట్లు చేసుకుంటూ పోతే దారిలో తగిలాయి, అంతే.

అదే మైనస్ పెట్టెని కూడా సంఖ్యకే వాడేసుకుని 32 ఒకట్లూ నింపితే 4294967295 వస్తుంది. ఒక్క బిట్ ఎక్కువైనందుకే ముక్కలు చెక్కలైపోతుంది: 3 ఇంటూ 5 ఇంటూ 17 ఇంటూ 257 ఇంటూ 65537. దీనికి కూడా ఒక గొప్ప ఉంది. స్కేలూ కంపాసూ మాత్రమే వాడి గీయగలమని తెలిసిన, బేసి సంఖ్యలో భుజాలుండే క్రమ బహుభుజుల్లో అతి పెద్దదానికి సరిగ్గా ఇన్ని భుజాలు. గీసి చూడమని ఎవరినీ అడగకండి.

సంఖ్యలకి పేర్లు పెట్టేవాళ్లు కూడా సరదా మనుషులే. బైనరీలో ఒకట్లు సరి సంఖ్యలో ఉంటే దాన్ని "ఈవిల్" నంబర్ అంటారు, బేసి సంఖ్యలో ఉంటే "ఓడియస్" నంబర్ అంటారు. అంటే ఒకటి దుర్మార్గపుది, ఇంకోటి చూస్తేనే ఒళ్లు మండేది. మనదానికి 31 ఒకట్లు, కాబట్టి రెండో బాపతు. ఆ రాత్రి పదకొండున్నరకి నన్నడిగినా అదే పేరు పెట్టేవాడిని.

దీని వెనకాలే ఇంకో పెద్ద సంఖ్య ఉంది. 6ని తీసుకోండి. తనని వదిలేసి దాని భాజకాలు 1, 2, 3. కూడితే 6. 28కి 1, 2, 4, 7, 14. కూడితే 28. వీటిని పరిపూర్ణ సంఖ్యలంటారు. ప్రతి మెర్సెన్ ప్రైమ్ నుంచీ ఒక పరిపూర్ణ సంఖ్య పుడుతుందని యూక్లిడ్ కాలం నుంచే తెలుసు. మనది ఎనిమిదో మెర్సెన్ ప్రైమ్. దాన్ని 2 పవర్ 30తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది. ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లీషు గణితవేత్త ఈ సంఖ్య గురించి రాస్తూ, ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్య ఎవరూ ఎప్పటికీ కనిపెట్టరని తేల్చేశాడు. కారణం? ఇవి వింతకి తప్ప దేనికీ పనికిరావు, ఇంకెవడు వెతుకుతాడు అని. ఆయన రెండు విధాలా తప్పు. వెతికేవాళ్లు వెతుకుతూనే ఉన్నారు, 2024 అక్టోబర్‌లో 52వ మెర్సెన్ ప్రైమ్ బయటపడింది. దాన్ని రాయాలంటే 4 కోట్ల 10 లక్షల అంకెలు దాటతాయి.

ఇక పనికిరావన్న మాట. కంప్యూటర్‌లో పాచికలు వేయాలన్నా, గేమ్‌లో శత్రువు ఎటు నుంచి వస్తాడో తేల్చాలన్నా ర్యాండమ్ నంబర్లు కావాలి. 1988లో స్టీఫెన్ పార్క్, కీత్ మిల్లర్ ఒక తేలికైన పద్ధతిని కనీస ప్రమాణంగా వాడమని చెప్పారు. చేతిలో ఉన్న సంఖ్యని 16807తో గుణించు, 2147483647తో భాగించు, శేషం తీసుకో. మళ్లీ అదే చెయ్. అంతే. కింద ఉన్నది ప్రైమ్ కావడం, 16807ని చూసి ఎంచుకోవడం వల్ల, 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా సరిగ్గా ఒక్కసారి వచ్చాకే ఈ చక్రం మళ్లీ మొదటికొస్తుంది. సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో ఇది ఇప్పటికీ ఉంది. గుట్టు దాచే పనులకి వాడకూడదు గానీ ఆటలకి చాలు. ఆయిలర్ చీకట్లో కూర్చుని చేసిన భాగహారాల ఫలం ఇక్కడ తేలింది.

ఈ సంఖ్య తగిలే చోట్లు మాత్రం ఫోన్ నంబర్‌తో ఆగవు. 2014 డిసెంబర్‌లో, నేను ఇంటర్ సెకండ్ ఇయర్‌లో ఉండగా, గంగ్నమ్ స్టైల్ వీడియో వ్యూస్ ఈ గీత దాటాయని యూట్యూబ్ ప్రకటించింది. లెక్క పెట్టే గడిని వాళ్లు ముందే 64 బిట్లకి మార్చుకున్నారు. డబ్బుల్ని పైసల్లో దాచే అలవాటు మా వాళ్లకుంది, దశాంశాల గొడవ ఉండదని. 2147483647 పైసలంటే 2 కోట్ల 14 లక్షల 74 వేల 836 రూపాయల 47 పైసలు. హైదరాబాద్‌లో ఒక మంచి ఫ్లాట్ కొంటే గడి నిండిపోతుంది. బ్రౌజర్‌లో "ఇన్ని మిల్లీసెకన్ల తర్వాత ఈ పని చెయ్" అని చెప్తాం చూడండి, దానికీ ఇదే హద్దు. దాదాపు 24.8 రోజులు. నెల తర్వాత గుర్తు చెయ్యమంటే, నెల ఆగకుండా వెంటనే గుర్తు చేసేస్తుంది.

సెకన్లో వందో వంతుల్లో లెక్కపెడితే 248 రోజుల పైచిలుకు. 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ బోయింగ్ 787ల గురించి ఒక ఆదేశం ఇచ్చింది. 248 రోజులు ఏకధాటిగా కరెంటు ఆపకుండా ఉంచితే జనరేటర్లను నడిపే సాఫ్ట్‌వేర్‌లోని కౌంటర్ పొంగిపోయి, విమానంలో ఏసీ కరెంటు మొత్తం పోవచ్చని అందులో ఉంది. రీస్టార్ట్ చేసి చూడండి అనే మాటకి అంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలీదు.

సెకన్లలో లెక్కపెడితే 68 ఏళ్లు దాటుతుంది. చాలా కంప్యూటర్లు టైమ్‌ని 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెట్టుకుంటాయి. ఆ లెక్క 2147483647కి చేరేది 2038 జనవరి 19న, మన టైమ్‌లో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి. మంగళవారం. 32 బిట్ల గడిలో టైమ్ దాచుకున్న యంత్రానికి ఆ తర్వాతి సెకను 1901 డిసెంబర్ 13. మీ కొత్త ఫోన్‌కి ఏ భయం లేదు, అది 64 బిట్లది. భయమంతా ఎవరూ పట్టించుకోని పాత పెట్టెలదీ, పాత ఫైళ్లదీ. పైగా 2038 దాకా ఆగక్కర్లేదు. ఈ ఏడాది తీసుకునే 20 ఏళ్ల హోమ్ లోన్‌కి చివరి ఈఎంఐ తేదీ లెక్కగట్టాలన్నా ఆ గీత దాటాల్సిందే.

ఉద్యోగంలో చేరాక కొత్త డేటాబేస్ ఏది చేతికొచ్చినా నేను మొదట చేసే పని ఒకటుంది. ఫోన్ నంబర్ 2147483647 ఉన్నవాళ్లు ఎంతమంది అని అడుగుతా. ఎక్కువసార్లు సున్నా వస్తుంది. ఒకచోట 37 వచ్చింది. ఎక్కడని అడగకండి. ఆ 37 మందిలో ఎవరి నంబరూ మళ్లీ తిరిగి రాలేదు. గడి దాటిన సంఖ్యని డేటాబేస్ దాచుకోదు, పారేస్తుంది. అది పారేసింది సంఖ్య అనుకుంటాం గానీ, నిజానికి ఫోన్ నంబర్ సంఖ్యే కాదు. దాన్ని ఎవరూ కూడరు, భాగించరు. అంకెలతో రాసిన పేరు అది. పేరుని దాచినట్టే, అక్షరాల గడిలో దాచాలి.

మా కాలేజీ లిస్టుని ఆ వారమే మార్చాం. గడి రకం మార్చడానికి ఒక్క నిమిషం పట్టింది. నంబర్లు మళ్లీ రాబట్టడానికి ఎన్ఎస్ఎస్ వాళ్లతో కలిసి క్లాసు క్లాసుకీ తిరగడానికి పది రోజులు. "మొన్నేగా ఇచ్చాం" అని ప్రతి బెంచీలోనూ ఒకరన్నారు. ఏం చెప్పను, ఇచ్చారు మరి.

అన్నట్టు, ఆ ఒక్కరి సంగతి. నాలుగు వందల మంది నంబర్లు పోయినా చెక్కుచెదరకుండా నిలిచిన నంబర్ 1234567890. 123 కోట్లే కదా, హాయిగా పట్టింది. సైట్ కట్టిన రోజు పనిచేస్తోందో లేదో చూద్దామని నేనే కొట్టిన ఎంట్రీ అది. పేరు టెస్ట్. బ్లడ్ గ్రూపు ఓ పాజిటివ్.